పగలు ఇంట్లోకి వచ్చే దారి



మన ఊళ్లలో మిట్ట మధ్యాహ్నం బయట వెలుతురును కొలిస్తే లక్ష లక్స్ దాకా ఉంటుంది. పుస్తకం చదువుకోవడానికి మనిషికి కావలసింది నూట యాభై, మహా అయితే మూడు వందల లక్స్. ఇంత వెలుతురు గుమ్మం దాకా వచ్చి నిలబడితే, లోపల హాల్లో నాలుగు లైట్లు వెలుగుతుంటాయి, వంటింట్లో ఇంకో రెండు. పట్టపగలు లైటు వేస్తే తప్ప పని సాగని గది, దాని మీద ఎన్ని లక్షలు పోసినా, కట్టడం పూర్తికాని గదే అని నా అభిప్రాయం. ఈ సాయంత్రం దాన్నే మీ ముందు నిరూపించే ప్రయత్నం చేస్తాను.

పూర్వ విద్యార్థులు ఏ మాస్టారిని తలుచుకుని ఈ నిధిని ఏర్పాటు చేశారో, ఆయన మాకు వెలుతురు పాఠం సుద్దముక్కతో చెప్పారు. ఒకరిని కిటికీ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టేవారు. కూర్చున్న చోటు నుంచి కిటికీలో ఆకాశం ముక్క ఏమైనా కనిపిస్తోందా అని అడిగేవారు. కనిపిస్తోందంటే కుర్చీని వెనక్కి జరపమనేవారు. ఆకాశం పూర్తిగా కనుమరుగైన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టేవారు. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అలా గుర్తులు పెట్టి కలిపితే ఒక గీత వస్తుంది. గీతకు ఇవతల పగలంతా కళ్లకు శ్రమ లేకుండా చదువుకోవచ్చు. అవతల కూర్చున్నవాళ్లకు గోడల మీద పడి తిరిగొచ్చిన వెలుతురే దిక్కు. లైటింగ్ ఇంజినీర్లు ఈ గీతను లెక్కగట్టి ప్లాన్ల మీద వేస్తారు. గోడ లేవకముందే, కాగితం మీదే ఆ గీత ఎక్కడ పడుతుందో చూసుకోవాలని మాస్టారి పట్టు. మీరు ఇవాళ ఇంటికి వెళ్లాక కాదు, రేపు పగలు ఒక కుర్చీ తీసుకుని చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ గీత కిటికీకి మూడడుగుల దూరంలోనే ఆగిపోతుంది.

ఎందుకు ఆగిపోతుంది? 133 గజాల స్థలం తీసుకోండి. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. పక్కల వదిలేది మనిషి నడిచేంత సందు. అవతలివాళ్లు వదిలిందీ అంతే. రెండు మూడు అంతస్తులు లేచాక కింది ఇంటి పడకగది కిటికీ తెరిస్తే కనిపించేది పక్కింటి గోడ, దాని మీద బాత్రూం పైపులు. ఆకాశం అంటూ కనిపించాలంటే కిటికీ చువ్వలు పట్టుకుని మెడ పైకెత్తాలి. వెలుతురు కోసమని మధ్యలో వదిలే ఓటీఎస్, దాన్నే కొందరు డక్ట్ అంటారు, మూడడుగులకు మూడడుగులుంటే పై అంతస్తుకే దాని ఉపయోగం. అడుగున ఉన్న వంటింటికి దాని నుంచి వచ్చేది ఎగ్జాస్ట్ ఫ్యాన్ల చప్పుడు మాత్రమే.

ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది. ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను. జనం పన్ను తప్పించుకోవడానికి కిటికీలను ఇటుకలతో మూసేసుకున్నారు. అలా మూసిన కిటికీల ఆనవాళ్లు అక్కడి పాత ఇళ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. మనకు ఆ పన్ను ఎన్నడూ లేదు. అయినా మన వెంటిలేటర్లను మనమే మూసుకున్నాం. ఒకప్పుడు ఏడడుగుల లింటెల్ మీద, సీలింగుకు దగ్గరగా, ప్రతి గదికీ వెంటిలేటర్ ఉండేది. ఏసీ వచ్చింది, చల్లగాలి పోతుందని దాన్ని మూశాం. ఫాల్స్ సీలింగ్ వచ్చింది, అది దిగివచ్చి ఆ జాగాను ఆక్రమించింది. తర్వాత ఆ ఫాల్స్ సీలింగ్ అంచుల్లోనే కోవ్ లైట్లు, ప్రొఫైల్ లైట్లు పెట్టుకున్నాం.

వెంటిలేటర్ పోవడం వల్ల ఎంత నష్టమో చెప్పాలి. గదిలోకి పగటి వెలుతురు ఎంత లోతుకు వెళ్తుందన్నది కిటికీ వెడల్పు కంటే దాని పై అంచు ఎత్తును బట్టి ఉంటుంది. ఎదురుగా అడ్డం లేకపోతే, కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉందో దానికి రెండు, రెండున్నర రెట్ల లోతు దాకా పనికొచ్చే వెలుతురు అందుతుంది. ఏడడుగుల ఎత్తుకు పద్నాలుగు, పదిహేడు అడుగులు. తొమ్మిదడుగులకు పద్దెనిమిది, ఇరవై పైన. ఎదురుగా పక్కింటి గోడ ఉన్నప్పుడు ఈ లెక్క బాగా తగ్గుతుంది. అప్పుడు వెంటిలేటర్ విలువ మరీ పెరుగుతుంది, ఎందుకంటే ఆకాశం ముక్క కనిపించేది ఆ పై భాగంలోంచే. కింద ఆరడుగుల వెడల్పు కిటికీ పెట్టడం కంటే నాలుగడుగుల కిటికీ, పైన అడుగున్నర వెంటిలేటర్ పెడితే గది వెనక గోడకు ఎక్కువ మేలు.

మన దేశంలో ఈ లెక్కలు కొత్తవేమీ కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన ఆకాశానికి తగిన లెక్క కట్టి పెట్టింది. యూరప్‌లో మబ్బు పట్టిన ఆకాశాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. మనకు ఏడాదిలో ఎక్కువ భాగం నిర్మలాకాశమే. కాబట్టి ఎండ నేరుగా తగలకుండా, కేవలం ఆకాశం నుంచి వచ్చే వెలుతురు 8,000 లక్స్ అని పెట్టుకుని డిజైన్ చేయమన్నారు. అందులో నూటికి ఒక వంతు లోపలికి వస్తే 80 లక్స్. వంటింటికి రెండున్నర శాతం, అంటే 200 లక్స్ ఉండాలి. చదువుకునే గదికి 1.9 శాతం, సుమారు 150 లక్స్. హాలుకు 0.625 శాతం చాలు, అంటే 50 లక్స్. చూడండి, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వెలుతురు అడిగేది వంటిల్లు. మనం కట్టే ఇళ్లలో అన్నిటికంటే చీకటిగా ఉండేదీ అదే. హాలుకు వీధి వైపు పెద్ద కిటికీ పెట్టి, దానికి రెండు పొరల కర్టెన్లు వేసి, వంటింటిని తీసుకెళ్లి డక్ట్ పక్కన పెడతాం. బియ్యంలో రాయి, పప్పులో పురుగు కనిపించాలంటే వెలుతురు కావాలి. చేటలో బియ్యం పోసుకుని మన అమ్మమ్మలు వసారాలోకి, గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చునేది ఊరికే కాదు. లోపలి వంటగదిలో అవి కనిపించేవి కావు.

ఈ మాట అన్నాను కాబట్టి పాత ఇళ్ల గురించి ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. గోదావరి జిల్లాల మండువా లోగిలి గొప్ప నిర్మాణం. నాలుగు వైపుల నుంచి పెంకుల కప్పు లోపలికి వాలుతుంది, మధ్యలో ఆకాశం. వాన నీళ్లు మండువాలో పడి తూములోంచి పోతాయి. ఎండ ఆ నేల మీద పడి, పైకి లేచి, చూరు కింది దూలాలను వెలిగిస్తుంది. చుట్టూ వసారాలో కూర్చున్న వాళ్ల మీద ఎండ పడదు, వెలుతురు మాత్రం పడుతుంది. పగటి వెలుతురును ఇంటి నడిమధ్యకు తెచ్చే పద్ధతి ఇంతకంటే సుళువైనది నాకు తెలియదు. కానీ మండువా చుట్టూ ఉన్న గదుల్లోకి వెళ్లి చూడండి. కొట్టుగది, పురిటి గది, వంటగది, వీటికి గుమ్మంలోంచి వచ్చిందే వెలుతురు. పొగ పట్టిన గోడలు దాన్నీ మింగేసేవి. ఆ చీకట్లో పొద్దంతా పనిచేసింది ఆడవాళ్లు. మండువాను మళ్లీ తెచ్చుకుందాం, చీకటి గదులను వద్దనుకుందాం. పాత ఇంటిని మెచ్చుకోవడమంటే దాని లోపాన్ని కూడా పొగడడం కాదు.

ఎండను ఆపి వెలుతురును రానివ్వడం గురించి దేవాలయాల దగ్గర కూడా నేర్చుకోవచ్చు. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. దాని గురించి అందరికీ తెలుసు, వేల మంది వెళ్లి చూస్తారు. నా మనసు మాత్రం నల్లగొండ దగ్గర పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం వైపు పోతుంది. అక్కడ గర్భగుడిలో పగలంతా ఒక స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతున్నా ఆ నీడ జరగదు. కారణం, లోపలికి చేరేది సూర్యుడి నేరు కిరణం కాదు. మంటపం తెరిచి ఉన్న భాగాల్లోంచి, ఆకాశం నుంచీ నేల నుంచీ చెదిరి వచ్చిన వెలుతురు. అది వచ్చే దిక్కును నిర్ణయించేది సూర్యుడు కాదు, కట్టడంలోని ఖాళీలు. ఇల్లు కట్టేవాడికి ఇంతకంటే మంచి పాఠం లేదు. సూర్యుడు రోజంతా తిరుగుతుంటాడు, అతని వెంట మనం పడలేం. లోపలికి వచ్చే వెలుతురును స్థిరంగా, మెత్తగా ఉంచడం మన చేతిలో పని.

దిక్కుల సంగతి కాస్త వివరంగా చూద్దాం. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. డిసెంబరులో దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అంటే దక్షిణపు కిటికీకి ఎండ తగిలేది ప్రధానంగా చలికాలంలో. రెండడుగుల సన్‌షేడ్ వేసవి మధ్యాహ్నపు ఎండను ఇట్టే ఆపుతుంది. ఉత్తరపు కిటికీకి ఏడాదిలో చాలా భాగం నేరు ఎండే లేదు, వేసవి ఉదయం, సాయంత్రం ఏటవాలుగా కొంత తగులుతుంది, పక్కకు చిన్న ఫిన్, అంటే నిలువు పలక, పెడితే పోతుంది. తంటా అంతా తూర్పు, పడమరలతోనే. అక్కడ సూర్యుడు కిందికి ఉంటాడు, సన్‌షేడ్ కింది నుంచి దూరి గది లోపలి గోడ దాకా వస్తాడు. వేసవిలో పడమటి గోడకు రెండు చదరపు మీటర్ల మామూలు గాజు కిటికీ ఉంటే సాయంత్రం పూట దాదాపు కిలోవాటు వేడి లోపలికి వస్తుంది. ఒక టన్ను ఏసీ తీసేయగలిగింది మూడున్నర కిలోవాట్లు. ఒక్క కిటికీ అందులో నాలుగో వంతుకు పైగా తినేస్తుంది.

అందుకే పగటి వెలుతురు అనగానే గాజు గోడ అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను. మాదాపూర్, గచ్చిబౌలి వైపు నేల నుంచి పైదాకా గాజుతో కట్టిన ఆఫీసులున్నాయి. బయటి నుంచి చూస్తే లోపల పగలే పగలు అనిపిస్తుంది. లోపలికి వెళ్తే కథ వేరు. వేడి తగ్గించడానికి గాజుకు ముదురు రంగు వేస్తారు, దాంతో వెలుతురు సగం పైగా అక్కడే ఆగిపోతుంది. మిగిలినదాంట్లో నేరు ఎండ కంప్యూటర్ తెర మీద పడి కళ్లు చెదురుతాయి. ఎవరో ఒకరు లేచి బ్లైండ్ దించుతారు. మబ్బు పట్టినా, పొద్దు తిరిగినా దాన్ని మళ్లీ ఎత్తేవాళ్లుండరు. ఇక రోజంతా లైట్లే.

అదే మాదాపూర్ దగ్గర ఇంకో కట్టడం కూడా ఉంది. సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. కరణ్ గ్రోవర్ డిజైన్ చేశారు. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా వెలుపల పొందిన మొదటి భవనం అది. 2004 జూలై 14న అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఆ గుర్తింపు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను దాని ప్లాన్ గురించి చెబుతాను. గుండ్రటి భవనం, మధ్యలో గుండ్రటి ముంగిలి, చుట్టూ సన్నని వరుసగా గదులు. గది ఏదైనా ఒక పక్క బయటి వెలుతురు, ఇంకో పక్క ముంగిలి వెలుతురు. మనుషులు పనిచేసే చోట్లలో దాదాపు 90 శాతానికి పగటి వెలుతురు అందుతుంది. అది యంత్రాల వల్ల వచ్చింది కాదు. భవనాన్ని లావుగా కాక సన్నగా ఉంచడం వల్ల, మండువాను మధ్యలో పెట్టడం వల్ల వచ్చింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కట్టడం దగ్గరికి వస్తాను. అది మన రాష్ట్రాల్లో లేదు, పుదుచ్చేరిలో ఉంది. కానీ దాని పేరు గోల్కొండ. శ్రీ అరవిందాశ్రమ వాసుల వసతి గృహం. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. ఆ కృతజ్ఞతతో, వజ్రాల గని అన్న పేరున్న మన కోట పేరును ఆశ్రమ మాత దానికి పెట్టారు. టోక్యోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర పనిచేసిన ఆంటోనిన్ రేమండ్ డిజైన్ చేశారు. జార్జ్ నకషీమా, ఫ్రాంటిషెక్ సామర్ అక్కడే ఉండి కట్టించారు. 1930ల చివర మొదలై యుద్ధ కాలంలో పూర్తయింది. స్థలంలో పోసిన రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుతో మన దేశంలో లేచిన తొలి ఆధునిక భవనాల్లో అది ఒకటి.

ఆ భవనానికి గాజు కిటికీలు లేవు. పొడవాటి రెండు ముఖాలు ఉత్తరానికి, దక్షిణానికి తిరిగి ఉంటాయి. ఆ ముఖాల నిండా అడ్డంగా అమర్చిన, తిప్పడానికి వీలున్న పలకలు, అంటే లూవర్లు. ఉత్తరం వైపు నడవా, దక్షిణం వైపు గదులు, రెంటికీ మధ్య సందులున్న టేకు తలుపులు, పక్కకు జరిగేవి. గదిలో ఉన్న మనిషి లూవర్లను ఎంత తెరవాలో తన చేత్తో తనే తిప్పుకుంటాడు. ఆకాశపు వెలుతురు లూవర్ పై భాగాన పడి, అక్కడి నుంచి సీలింగు మీదికి పోయి, అక్కడి నుంచి గదిలోకి దిగుతుంది. నేల మీద మన కడప రాయి. నల్లగా, నునుపుగా ఉండి మీద పడ్డ వెలుతురును చాలావరకు పీల్చుకుంటుంది. కాబట్టి కళ్లు చెదరవు. పైన తెలుపు, కింద నలుపు. ఎండ తీవ్రంగా ఉండే సముద్రతీరంలో ఆ నలుపుకు అర్థం ఉంది. కానీ వెలుతురు తక్కువ వచ్చే మన అపార్ట్‌మెంట్ గదిలో అదే కడప రాయి పరిస్తే గది గుహలా ఉంటుంది. ఒక చోట నచ్చిన రాయిని ఇంకో చోటికి తెచ్చేముందు ఆ గదికి ఎంత ఆకాశం కనిపిస్తోందో చూసుకోవాలి.

ఇక్కడే ఇంటీరియర్ డిజైనర్ల పని మొదలవుతుంది. ఈ సభలో ఆ చదువు చదువుతున్న పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. మీ చేతికి వచ్చేసరికి గోడలు లేచిపోయి ఉంటాయి. అయినా మీరు చేయగలిగింది చాలా ఉంది. తెల్లటి సున్నం వేసిన గోడ మీద పడిన వెలుతురులో నూటికి డెబ్బై ఎనభై వంతులు తిరిగొస్తాయి. ముదురు వాల్‌నట్ రంగు లామినేట్ మీద పడితే పది పదిహేను. కిటికీ ఎదుటి గోడకు, సీలింగుకు తెలుపు వేసి, ముదురు రంగులను కిటికీ ఉన్న గోడకే పరిమితం చేస్తే ఖర్చు ఏమీ పెరగదు. కిటికీకి ఆనించి వార్డ్‌రోబ్ కట్టకండి. దాని పక్క చెక్క కిటికీ పక్క నుంచి వచ్చే వెలుతురును కోసేస్తుంది. అటక కిటికీ మీదికి రాకూడదు. వంటగట్టును కిటికీ కిందకు తేండి, ఫ్రిజ్‌ను చీకటి మూలకు పంపండి, దానికి వెలుతురు అక్కర్లేదు. గదికీ నడవాకూ మధ్య గోడలో, తలుపు పైన, అడుగున్నర గాజు పెడితే గది వెలుతురు నడవాకు కూడా వెళ్తుంది. పిల్లవాడి చదువుకునే బల్లను కిటికీకి ఎదురుగా కాక పక్కగా వేయండి. కుడిచేత్తో రాసే పిల్లవాడికి వెలుతురు ఎడమ నుంచి రావాలి. పక్కింటివాళ్లతో మంచిగా మాట్లాడి, మీ కిటికీ ఎదురుగా ఉన్న వాళ్ల గోడకు మీ ఖర్చుతోనే తెల్ల రంగు వేయించండి. ఇది చేసి చూసినవాళ్లు వచ్చిన తేడాకు ఆశ్చర్యపోయారు. మెట్ల గది పైకప్పులో పాలికార్బొనేట్ షీటు వేస్తే మూడంతస్తుల మెట్ల మీద పగలు లైటు అక్కర్లేదు.

రేకుల ఇళ్ల వాళ్ల గురించి కూడా ఒక మాట. బ్రెజిల్‌లో ఆల్ఫ్రెడో మోసర్ అనే మెకానిక్ 2002 ప్రాంతంలో, కరెంటు కోతల కాలంలో, నీళ్లు నింపిన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాను పైకప్పులో బిగించాడు. కొంచెం బ్లీచింగ్ కలిపితే నీళ్లు పచ్చబడవు. సీసా పై సగం ఎండను పట్టుకుంటుంది, కింది సగం దాన్ని గది నలుమూలలకూ చెదరగొడుతుంది. నలభై, అరవై వాట్ల పాత బల్బంత వెలుగు. ఫిలిప్పీన్స్‌లో 2011 నుంచి దాన్ని వాడవాడలా బిగించారు. మన రైసు మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో రేకుల మధ్య అక్కడక్కడా ఫైబర్ షీటు వేస్తారు కదా, ఆలోచన అదే.

ఎల్‌ఈడీ బల్బుల సంగతికి వద్దాం. నీలి రంగు ఎల్‌ఈడీ సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. న్యాయంగానే వచ్చింది. అరవై వాట్ల పాత బల్బు వెలుగును తొమ్మిది వాట్ల బల్బు ఇస్తుంది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ప్రభుత్వ సంస్థ కొన్న ధర మొదట్లో 310 రూపాయలు, రెండున్నరేళ్లలో 38కి దిగింది. పేద ఇంటి కరెంటు బిల్లు తగ్గింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లను నేను సహించను.

కానీ వెలుతురు చౌకైనప్పుడు మనుషులు ఏం చేస్తారన్నదానికి చరిత్ర ఉంది. ఫూకే, పియర్సన్ అనే ఆర్థికవేత్తలు బ్రిటన్ లెక్కలు తీశారు. 1800తో పోలిస్తే 2000 నాటికి వెలుతురు ఖర్చు మూడు వేలో వంతుకు పడిపోయింది, తలసరి వాడకం 6,500 రెట్లు పెరిగింది. మన ఇళ్లలో అదే జరుగుతోంది. బల్బు చౌక కాబట్టి కిటికీ గురించి ఆలోచించడం మానేశాం. ఇంకో సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. పగలు ఆరు ఎల్‌ఈడీలు ఎనిమిది గంటలు వెలిగించినా రోజుకు అర యూనిట్ కాలదు. నెలకు పదమూడు యూనిట్లు. పగటి వెలుతురు మీ ఇంటి బిల్లును సగానికి తగ్గిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆఫీసులకు, కాలేజీలకు, ఆస్పత్రులకు ఆ లెక్క పెద్దదే. ఇంటికి మాత్రం కారణాలు వేరు.

మొదటిది మన ఒళ్లు. కంట్లో చూపుకు పనికొచ్చే కణాలే కాక, పగలో రాత్రో మెదడుకు చెప్పే కణాలు వేరే ఉన్నాయని 2002 నాటికి రుజువైంది. అవి బయటి వెలుతురంత తీవ్రతకే బాగా స్పందిస్తాయి. మన శరీరంలోని గడియారం ఎలా పనిచేస్తుందో తేల్చిన ముగ్గురికి 2017లో వైద్య నోబెల్ ఇచ్చారు. పగలు మసక గదిలో గడిపి, రాత్రి పదకొండు దాకా 6,500 కెల్విన్ల తెల్ల లైటు కింద కూర్చుంటే ఆ గడియారం తికమకపడుతుంది. మనవాళ్లకు తెల్ల లైటంటే మోజు, పచ్చ లైటు వేస్తే బల్బు డల్‌గా ఉందంటారు. పడకగదిలోనైనా 2,700 కెల్విన్ల బల్బు వేయండి.

పెద్దవాళ్లను ఇంకా ముఖ్యంగా తలుచుకోవాలి. అరవై ఏళ్ల కంట్లో రెటీనా దాకా చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంట్లో చేరేదానిలో మూడో వంతు. ఆరోగ్యం కోసమని తాతగారిని డక్ట్ వైపు గదిలోకి మార్చి, ఆయన పేపరు చదవడం మానేశారని బాధపడతాం. పేపరు చదవడం మానలేదు, అక్షరాలు కనిపించడం మానేశాయి. వీధి అరుగు పోయాక ఆయనకు పగటి వెలుతురులో కూర్చునే చోటు ఇంట్లో ఎక్కడా మిగల్లేదు.

రెండోది రంగు. చీర కొనేటప్పుడు ఆడవాళ్లు దాన్ని షాపు గుమ్మం దగ్గరికి తెచ్చి వెలుతురులో చూస్తారు. షాపువాళ్లకు విసుగైనా వాళ్లు చేసేది శాస్త్రమే. మామూలు ఎల్‌ఈడీల వెలుగులో ముదురు ఎరుపు బాగా తక్కువ. కుంకుమ రంగు, మిరపపండు రంగు అందులో మాసినట్టు ఉంటాయి. దీని బాధ కొనేవాళ్ల కంటే నేసేవాళ్లకు ఎక్కువ. పోచంపల్లిలో రంగు అద్దిన నూలును పక్కపక్కన పెట్టి పోల్చుకునే చేయి, మంగళగిరిలో తెగిన పోగును అతికే వేలు, పగటి వెలుతురుతో బతుకుతాయి. చేనేత కాలనీలు కట్టేటప్పుడు అందరి ఇళ్లకూ పెట్టినట్టే మూడడుగుల ఎత్తున కిటికీ పెడతారు. గుంట మగ్గం మీద నేసే మనిషి కాళ్లు గోతిలో ఉంటాయి, బట్ట నేలకు కాస్త పైన ఉంటుంది. మగ్గం గోడ దగ్గరుంటే ఆ మూడడుగుల గోడ నీడ బట్ట మీదే పడుతుంది. మగ్గం గదికి కిటికీ అంచు అడుగున్నర ఎత్తులో ఉండాలి, ఉత్తరానికి ఉండాలి, పైన వెంటిలేటర్ ఉండాలి. నమూనా ప్లాన్ మీద ఒక గీత మార్చినంత పని. కాలనీ కట్టకముందు మగ్గం ముందు ఒక పూట కూర్చుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

చట్టం వైపు కొంత కదలిక ఉంది. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత, తీర జిల్లాల్లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం గదుల వైశాల్యంలో 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలంటుంది. గాజు కనీసం ఎంత వెలుతురును లోపలికి వదలాలో కూడా చెబుతుంది. కానీ కిటికీ ఎంత పెద్దదో కొలిస్తే సరిపోదు. దాని ఎదురుగా ఏముందో చూడాలి. ఆరో వంతు కిటికీ పెట్టి నాలుగడుగుల దూరంలో గోడ లేపితే నియమం నెరవేరినట్టే, గది చీకటి చీకటిగానే ఉన్నట్టు. ప్లాన్ మంజూరు చేసేటప్పుడు ప్రతి గదిలోనూ ఆకాశం కనిపించే గీత ఎక్కడ పడుతుందో గీసి చూపమని అడగాలి. కంప్యూటర్లో అది నిమిషాల పని.

చివరగా బడుల గురించి. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా నలభై నిమిషాలు ఆరుబయట క్లాసు పెట్టి మూడేళ్లు చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు కొత్తగా హ్రస్వదృష్టి వస్తే, ఈ బడుల్లో 30.4 శాతానికే వచ్చింది. ఇది ఆరుబయట వెలుతురు చేసే మేలు. కిటికీ ఎంత పెద్దదైనా దానికి సాటి రాదు, ఆ భ్రమ వద్దు. పిల్లల్ని బయటికి పంపడం ఒక పని, లోపల ఉన్నంతసేపు బోర్డు కనిపించేలా చేయడం ఇంకో పని. ఆంధ్రప్రదేశ్‌లో నాడు–నేడు కింద, తెలంగాణలో మన ఊరు–మన బడి కింద ఎన్నో బడులు బాగుపడ్డాయి. రంగులు వేశారు, ఫ్యాన్లు, లైట్లు పెట్టారు. అది మంచి పనే. వాటితో పాటు, కాలక్రమంలో ఇటుకలు పెట్టి మూసేసిన వెంటిలేటర్లను తెరిపించాలి. లారీ బేకర్ తిరువనంతపురంలో కట్టినట్టు, ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీ గోడ కట్టిస్తే చట్రం ఖర్చూ లేదు, గాజు ఖర్చూ లేదు.

ఈ నిధి నుంచి ఏటా కొంత సొమ్ము మిగులుతుందని ట్రస్టు వారు చెప్పారు. నాదొక అభ్యర్థన. దానితో ఒక లక్స్ మీటరు, ఒక లోడు సున్నం బస్తాలు, ఒక తాపీ మేస్త్రి కూలి పెట్టుకుని, ఈ కాలేజీ పిల్లలు ఏడాదికి ఒక ప్రభుత్వ పాఠశాలకు వెళ్లాలి. ప్రతి తరగతి గదిలో ఆఖరి బెంచీ మీద పగలు పదకొండు గంటలకు, మళ్లీ మూడు గంటలకు వెలుతురు కొలిచి గోడ మీద రాయాలి. వెంటిలేటర్ తెరిపించి, సీలింగుకు సున్నం కొట్టించి, బోర్డు మీద కిటికీ మెరుపు పడుతుంటే బోర్డును పక్క గోడకు మార్పించి, మళ్లీ కొలిచి ఆ అంకె కింద ఈ అంకె రాయాలి. మొదటి బడి ఏదో ఈ నెలాఖరుకు నిర్ణయిస్తే వేసవి సెలవుల్లో పని మొదలుపెట్టవచ్చు. మేస్త్రిని నేను మాట్లాడతాను.